నాయనకి కళ్లు తిప్పిన బైనాక్యులర్స్

సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు టవల్ కోసం బీరువా తెరిస్తే, అడుగు అరలో పాత చీరల కింద నల్ల సంచి కనిపించింది. తీసి చూస్తే దసరాకి నేను నాయనకి పంపిన బైనాక్యులర్స్. మెడపట్టీకి చుట్టిన ప్లాస్టిక్ తీగ కూడా సరిగ్గా విప్పలేదు.

మూడు నెలలుగా ప్రతి ఆదివారం ఫోన్‌లో అడుగుతూనే ఉన్నాను. "నాయనా, పిట్టల్ని చూస్తున్నావా?" అంటే, "చూస్తాండా పాపా. బాగుండాది" అనేవాడు. ఏ పిట్టని చూశావంటే మాత్రం "అదే, ఏవో ఉంటాయి గదా" అని మాట మార్చేవాడు. బెంగళూరులో కూర్చుని నేను అది నమ్మేశాను.

వంటింట్లో అమ్మని అడిగితే గొంతు తగ్గించి చెప్పింది. "రెండు దినాలు చూసినాడు. తల తిప్పుతాండాది అని పెట్టేసినాడు. పాప దుడ్లు పెట్టి కొనింది, దానికి చెప్పొద్దన్యాడు. నా కండ్ల పని అయిపోయింది, ఇంక ఇవి దేనికీ పనికిరావు అని ఒకటే దిగులు."

ఆ చివరి మాటకి నాకు మనసు చివుక్కుమంది. పోయినేడే ఆయన కుడి కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది. ఎడమ కంటికి ఇంకా కాలేదు. అప్పట్నుంచి నాయన సాయంత్రం పూట రోడ్డు మీదికి పోవడం మానేశాడు. టీ కొట్టు దగ్గర స్నేహితుల్నీ వదిలేశాడు. అరుగు మీద కూర్చుని కొండల వైపు చూస్తూ ఉంటాడు. ఊరికే చూసే బదులు దగ్గరగా చూడనీ అని నేను పంపిన వస్తువే, ఆయనలో 'నా కళ్లు పోయాయి' అన్న భయాన్ని గట్టి చేసిందన్నమాట.

ముగ్గురాయి ఊరు

మాది మంగంపేట. ఉమ్మడి కడప జిల్లాలో, రైల్వే కోడూరు దగ్గర, ఓబులవారిపల్లె మండలం. మా ఊరి పేరు మీరు విని ఉండకపోవచ్చు గానీ, మా ఊరి రాయి ప్రపంచమంతా తిరిగింది. మేం ముగ్గురాయి అంటాం. పుస్తకాల్లో బెరైటీస్ అని ఉంటుంది. ప్రపంచంలోనే అతి పెద్ద బెరైటీస్ నిక్షేపాల్లో ఒకటి మా కాళ్ల కిందే ఉంది. ఆంధ్రప్రదేశ్ ఖనిజాభివృద్ధి సంస్థ ఇక్కడ గనులు నడుపుతోంది.

చూడ్డానికి మామూలు బూడిదరంగు రాయే. చేతిలోకి తీసుకుంటే తెలుస్తుంది దాని సంగతి. నీళ్లకంటే నాలుగు రెట్లకు పైగా బరువు. ఆ బరువే దాని విలువ. చమురు బావులు తవ్వేటప్పుడు లోపల్నుంచి గ్యాసు, చమురు ఎగదన్నకుండా ఉండాలంటే బరువైన బురద పోయాలి. ఆ బురదలో కలిపేది ఈ రాతి పొడినే. అందుకే మా చుట్టుపక్కల రాయిని పొడి చేసే మిల్లులు. అందుకే ఎండాకాలం గాలి వీస్తే చెట్ల ఆకుల మీద తెల్లటి పొర.

మా నాయన ఈ గనుల్లోనే ఒక కాంట్రాక్టరు దగ్గర 30 ఏళ్లు డంపర్ నడిపాడు. మెట్లు మెట్లుగా దిగే గుంతలోంచి రాయీ మట్టీ పైకి మోసుకొచ్చి గుట్టల మీద పోయడం ఆయన పని. ఊరికి తూర్పున వెలికొండలు, పడమర శేషాచలం కొండలు. మధ్యలో మనుషులు పోసిన ఈ మట్టికొండలు. కొత్తగా వచ్చినవాళ్లకి ఏది దేవుడు పెట్టిన కొండో, ఏది డంపర్లు పెట్టిన కొండో వెంటనే తెలీదు.

ఇక్కడ పిట్టలేం ఉంటాయి అనుకుంటారు. కోడూరు వైపు మామిడి తోటలు, బొప్పాయి, అరటి. రోడ్డు పక్క కరెంటు తీగల మీద పాలపిట్టలు. బీడు నేలల్లో కౌజులు. గుంతల్లో నిలిచిన నీళ్ల దగ్గర కొంగలు, లకుముకిపిట్టలు, తీతువులు. ఇంకొంచెం ఉత్తరంగా పోతే సిద్ధవటం, లంకమల అడవి. కలివికోడి ఊరది.

కలివికోడి కథ మీకు తెలిసే ఉంటుంది. 1848లో జెర్డాన్ అనే ఆంగ్లేయ వైద్యుడు దాన్ని లోకానికి చెప్పాడు. 1900 తర్వాత ఎవరికీ కనిపించలేదు, అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ లంకమల చుట్టుపక్కల వెతుకుతున్నప్పుడు, అక్కడి మనిషి ఐతన్న రాత్రిపూట టార్చి వెలుగులో ఒకదాన్ని పట్టుకున్నారు. 86 ఏళ్ల తర్వాత! ఆ పక్షి కోసమే అక్కడ శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది.

నాయనకి ఈ కథ చెప్పినప్పుడల్లా ఒకే మాట అంటాడు. "సూడు, ఆయప్ప దగ్గర ఏ బైనాక్యులర్సూ లేదు."

కానీ నాయనకి కావాల్సింది కలివికోడి కాదు. ఆ సంగతి తర్వాత చెప్తా.

తప్పు ఎక్కడుంది?

మరుసటి రోజే నాయన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. తల తిరుగుడు అన్నాక ముందు చేయాల్సిన పని అదే. బీపీ, షుగరు, చెవులు అన్నీ చూశారు. మామూలుగా నడిచేటప్పుడు, లేచేటప్పుడు తిరుగుతుందా అని అడిగారు. "లేదు సార్, ఆ గాజుల్లోంచి చూస్తేనే" అన్నాడు నాయన. ఆపరేషన్ అయిన కన్ను కూడా బాగుందన్నారు.

అయితే తప్పు వస్తువులో ఉందన్నమాట. కానీ అది మంచి వస్తువు! బెంగళూరులో మా పిట్టల గుంపులో అనుభవం ఉన్న స్నేహితురాలు ఏరి చెప్పింది. సెకండ్ హ్యాండే అయినా నా బోనస్ మొత్తం అయిపోయింది. 8×42, ఫ్లాట్ ఫీల్డ్. అంటే మధ్యలోనే కాకుండా అంచు దాకా బొమ్మ చురుగ్గా ఉంటుంది. నేను చూస్తే గాజు లేనట్టే ఉంటుంది.

అందుకే ఒక్కొక్కటే వరసగా పరీక్ష చేశాం. మీ ఇంట్లో కూడా ఎవరైనా 'నాకు ఇది పడట్లేదు' అంటే ఇదే వరసలో చూడండి.

మొదటిది, కళ్ల మధ్య దూరం. రెండు గొట్టాలనూ మడిచి, రెండు గుండ్రాలు ఒకే గుండ్రంగా కలిసేదాకా సర్దాలి. నాయన నా ముఖానికి సర్దినదాన్ని అలాగే వాడాడు. సరిచేశాం.

రెండోది, కంటి కప్పులు. కళ్లజోడు ఉన్నవాళ్లు వాటిని లోపలికి తిప్పేయాలి. లేకపోతే కన్ను దూరమై అంచుల్లో నల్ల నీడలు వస్తాయి. నాయన బయటికి లాగి వాడాడు. సరిచేశాం.

మూడోది, రెండు కళ్ల తేడా. ఒక కంటికి ఆపరేషన్ అయినవాళ్లకి ఇది చాలా ముఖ్యం. కుడి కన్ను మూసి, మధ్య చక్రంతో ఎడమ కంటికి ఫోకస్ చేయాలి. తర్వాత ఎడమ కన్ను మూసి, కుడి గొట్టం దగ్గరుండే చిన్న రింగుతో కుడి కంటికి సర్దాలి. చాలా మోడళ్లలో ఆ రింగు కుడివైపే ఉంటుంది. ఇదీ చేశాం.

నాలుగోది, రెండు గొట్టాలు ఒకే చోటికి చూస్తున్నాయా లేదా. దూరంగా ఒక మిద్దె అంచు మీద పెట్టి, బైనాక్యులర్స్‌ని కళ్ల నుంచి మెల్లగా జానెడు వెనక్కి జరిపితే, రెండు గుండ్రాల్లోనూ ఆ గీత ఒకే ఎత్తులో ఉండాలి. ఒకటి పైకి, ఒకటి కిందికి ఉంటే కింద పడి గొట్టాలు పక్కకు పోయాయని అర్థం. అలాంటిది తలనొప్పి తెస్తుంది. మాది సరిగ్గానే ఉంది.

ఇవన్నీ అయ్యాక నాయన అరుగు మీద నిలబడి చూశాడు. "ఇప్పుడు బాగుండాది" అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. అప్పుడే ఒక గద్ద మట్టికొండ మీదుగా పోతుంటే, దాని వెంట మెల్లగా తిప్పాడు. రెండు క్షణాలు. వెంటనే కళ్ల మీంచి తీసేసి గోడ పట్టుకున్నాడు.

"నేల దొర్లతాండాది పాపా. పెద్ద బంతి మీద అంతా అతికించి తిప్పినట్ల."

ఆ మాటతో నాకు దారి దొరికింది.

దొర్లే బంతి

నాయన చెప్పింది ఆయన ఊహ కాదు. కళ్ల జబ్బు అంతకన్నా కాదు. బైనాక్యులర్స్ తయారుచేసేవాళ్లకి బాగా తెలిసిన సంగతే. దాని పేరే రోలింగ్ బాల్. గ్లోబ్ ఎఫెక్ట్ అని కూడా అంటారు.

కొంచెం ఓపిగ్గా వినండి, ఇది లెక్కే గానీ కష్టమైంది కాదు.

లెన్సుల్లోంచి చూసినప్పుడు బొమ్మ మసకబారడం ఒక రకం లోపం. మసక లేకుండానే ఆకారం మారడం ఇంకో రకం. దీన్నే డిస్టార్షన్ అంటారు. అంచు దగ్గర ఒక నిటారు కరెంటు స్తంభాన్ని ఉంచి చూడండి. స్తంభం నడుము బొమ్మ మధ్యలోకి వంగితే అది పిన్‌కుషన్, అంటే నాలుగు మూలలూ లాగిన దిండు ఆకారం. నడుము బయటికి ఉబ్బితే అది బ్యారెల్, అంటే పీపా ఆకారం. నిటారుగానే ఉంటే డిస్టార్షన్ లేనట్టు.

మరి డిస్టార్షన్ లేనిదే మంచిది కదా అంటారు. నేనూ అదే అనుకున్నాను. మెలిక ఇక్కడే ఉంది.

గీతలన్నీ నిటారుగా ఉంచాలంటే బొమ్మ అంచుల్లో ఒక లెక్క తప్పుతుంది. 8 రెట్లు పెంచే బైనాక్యులర్స్, మొత్తం 8 డిగ్రీల వెడల్పు చూపిస్తుంది అనుకుందాం. డిస్టార్షన్ ఏమాత్రం లేకపోతే మధ్యలో వస్తువు 8 రెట్లు కనిపిస్తుంది. అంచు దగ్గరికి వచ్చేసరికి అదే వస్తువు వెడల్పు కంటికి 6 రెట్ల పైచిలుకే. అంటే మధ్యలో గుండ్రంగా ఉన్న బంతి అంచుకి పోయేసరికి పక్కల నుంచి నొక్కినట్టు సన్నబడుతుంది.

కదలకుండా చూస్తే ఇది పెద్దగా తెలీదు. పక్కకు తిప్పినప్పుడు తెలుస్తుంది. మధ్యలో చెట్లు వేగంగా జరుగుతాయి, అంచుల్లో మెల్లగా జరుగుతాయి. ఏ వస్తువు మీద అలా జరుగుతుంది? మన ముందు తిరిగే పెద్ద బంతి మీద. బడిలో గ్లోబుని తిప్పినప్పుడు గుర్తు చేసుకోండి. మధ్యలో ఉన్న దేశం గబుక్కున పోతుంది, అంచుకి చేరేకొద్దీ నెమ్మదిస్తుంది. అందుకే మెదడు 'ఇది చదును నేల కాదు, దొర్లే బంతి' అని లెక్కగడుతుంది. కాళ్లేమో నేల కదలట్లేదు అంటాయి. ఈ రెండింటి మధ్య గొడవే తల తిరగడం. బస్సులో ఫోను చూస్తే కొందరికి వచ్చే వికారం లాంటిదే.

దీనికి మందు ఏంటో తెలుసా? కావాలని కొంచెం పిన్‌కుషన్ కలపడం! అంచుల్ని కాస్త బయటికి లాగితే, అక్కడ తగ్గిన పెంపు మళ్లీ సరిపోతుంది. స్తంభాలు కొద్దిగా వంగుతాయి గానీ తిప్పినప్పుడు నేల దొర్లదు. 1940ల చివర్లోనే జర్మనీలో జైస్ కంపెనీ వాళ్లు ఈ పని చేయడం మొదలుపెట్టారు. అప్పట్నుంచి చాలా బైనాక్యులర్స్‌లో ఆ వంపు తప్పు కాదు, తెలిసి చేసిన పని.

2010 ప్రాంతంలో స్వరోవ్‌స్కీ లాంటి కంపెనీలు అంచు దాకా చురుగ్గా, గీతలు నిటారుగా కనిపించే ఫ్లాట్ ఫీల్డ్ మోడళ్లు తెచ్చినప్పుడు, పక్షుల్ని చూసేవాళ్లలో పెద్ద చర్చే జరిగింది. కొందరు ఇంతకన్నా గొప్పది లేదన్నారు. కొందరు బంతి దొర్లుతోంది, మా వల్ల కాదన్నారు. ఇద్దరూ చూసింది ఒకే గాజులోంచి!

ఎందుకంటే తేడా గాజులో కాదు, చూసే మనిషిలో. హోల్గర్ మెర్లిట్జ్ అనే జర్మన్ భౌతిక శాస్త్రవేత్త ఈ విషయం మీద పనిచేశారు. మన చూపు కూడా లోకాన్ని సరిగ్గా చదునుగా తీసుకోదని, దానికే కొద్దిగా పీపా వంపు ఉంటుందని, ఆ వంపు మనిషి మనిషికీ మారుతుందని ఆయన వివరణ. 19వ శతాబ్దంలోనే హెల్మ్‌హోల్ట్జ్ అనే ఆయన మూలలు లాగిన చదరంగం బల్ల బొమ్మ గీసి, దాన్ని బాగా దగ్గర నుంచి చూస్తే గళ్లు సరిగ్గా కనిపిస్తాయని చూపించాడు. వంకరగా గీసింది కంటికి సరిగ్గా కనిపించడం! నాలో ఆ వంపు ఎంతో నాకు తెలీదు గానీ, నాకు బంతి దొర్లదు. నాయనకి దొర్లుతుంది.

ఇదంతా నాయనకి చెప్పాను. గ్లోబు లేదు కాబట్టి సొరకాయ మీద బొగ్గుతో గీతలు గీసి తిప్పి చూపించాను. శ్రద్ధగా విన్నాడు. చివరికి అడిగింది ఒకటే.

"అయితే నా కండ్లు బాగుండాయంటావా?"

"బాగుండాయి నాయనా. నీ తప్పేం లేదు."

ఏం మాట్లాడలేదు. కళ్లజోడు తీసి పంచె కొంగుతో తుడిచి, మళ్లీ పెట్టుకుని, మళ్లీ తీసి తుడిచాడు.

డంపర్ అద్దం

ఇంట్లో ఇంకో బైనాక్యులర్స్ ఉంది. కాలేజీలో ఉన్నప్పుడు నేను కొన్న పాతది. అదీ 8×42నే. రబ్బరు ఊడిపోయి, ఒక కప్పు పగిలి, అటక మీద డబ్బాలో పడుంది. అంచుల్లో బొమ్మ మెత్తబడుతుంది. స్తంభాలు స్పష్టంగా వంగుతాయి. అందుకే దాన్ని నేను చులకనగా చూసి వదిలేశాను.

తుడిచి నాయన చేతికిచ్చాను. రైలు పట్టాల వైపు తీసుకెళ్లాను. కడప నుంచి రేణిగుంట పోయే లైను ఓబులవారిపల్లె మీదుగానే పోతుంది. డిస్టార్షన్ చూడ్డానికి అంతకన్నా మంచి చోటు ఉండదు. వరసగా స్తంభాలు, తీగలు, గూడ్సు బండ్లు.

నాయన చూశాడు. ముందు కదలకుండా. తర్వాత గూడ్సు బండి వస్తే దాని ఇంజను వెంట మెల్లగా తిప్పాడు. నేను ఆయన మోచెయ్యి పట్టుకుని ఉన్నాను. బండి మొత్తం పోయేదాకా చూశాడు. గోడ కోసం చెయ్యి వెతకలేదు.

"స్తంబాలు వంగినాయి పాపా. కానీ తల తిరగలే" అన్నాడు.

"వంగితే నీకు ఇబ్బందిగా లేదా?"

నవ్వాడు. చాలా రోజుల తర్వాత నవ్వాడు. "డంపర్ అద్దంలో ముప్పై ఏండ్లు సూసినా. దాంట్లో ఏదీ తిన్నగా ఉండదు. రోడ్డు వంగుతాది, మనిషి చిన్నగా ఉంటాడు, ఎనక బండి దూరం ఉన్నట్ల ఉంటాది. అయినా దాన్ని నమ్మే బండి నడిపినా. అద్దం అబద్ధం చెప్పినా రోజూ ఒకే అబద్ధం చెప్తే సాలు, మనిషి సర్దుకుంటాడు."

నేను రెండు వారాలు చదివి తెలుసుకున్నది ఆయన ఒక్క ముక్కలో చెప్పేశాడు. పెద్ద బండ్ల పక్క అద్దం ఉబ్బుగా ఉంటుంది. అందులో గీతలన్నీ వంగుతాయి, అయినా డ్రైవరు మెదడు దాన్ని ఇట్టే సరిచేసుకుంటుంది. బైనాక్యులర్స్ విషయంలో కూడా కొందరికి వాడేకొద్దీ బంతి దొర్లడం తగ్గుతుందంటారు. కానీ ఒక కన్ను ఆపరేషనై, కింద పడతానేమో అన్న భయంతో ఉన్న మనిషిని 'అలవాటు చేసుకో' అనడం నాకు ఇష్టం లేకపోయింది.

ఇంకో తమాషా చెప్పాలి. పాతదాని మీద గీతలు పడ్డ అక్షరాల్లో 'బాక్-4' అని రాసి ఉంది. అదేంటి అని అడిగాడు నాయన. లోపల వెలుగుని మలుపు తిప్పే పట్టకాల గాజు పేరది. 'బా' అంటే బేరియం, 'కె' అంటే క్రౌన్ అనే గాజు రకం. 1884లో జర్మనీలోని యేనా ఊళ్లో ఓటో షాట్, ఎర్నెస్ట్ అబ్బె, జైస్ వాళ్లు కలిసి గాజు ప్రయోగశాల పెట్టి కొత్త రకం గాజులు తయారుచేశారు. వాటిల్లో బేరియం గాజులూ ఉన్నాయి. బేరియం కలిస్తే గాజు వెలుగుని ఎక్కువ వంచుతుంది. బీకే-7 అనే మామూలు గాజు వక్రీభవన సూచిక 1.517 అయితే, బాక్-4ది 1.569. దానివల్ల పట్టకం అంచుల్లో వెలుగు తప్పించుకోదు.

బేరియం దేన్లోంచి వస్తుంది? బేరియం సల్ఫేట్ రాయిలోంచి. అంటే మా ముగ్గురాయిలోంచి. దాన్ని బొగ్గుతో కాల్చి, బేరియం కార్బొనేట్‌గా మార్చి గాజులో కలుపుతారు. మంగంపేట రాయిలో ఎక్కువ భాగం చమురు బావులకే పోతుంది, నాయన చేతిలో ఉన్న గాజులో మా ఊరి రాయి ఉందని నేను అనను. కానీ జాతి అదే.

"నేను మోసిన రాయిలోంచే సూస్తాండానా అయితే!" అన్నాడు. లేదు నాయనా, కచ్చితంగా చెప్పలేం అని నేను అంటూనే ఉన్నాను. ఆయన వినలేదు. ఆ సాయంత్రం నాలుగు నెలల తర్వాత టీ కొట్టుకి పోయి అందరికీ అదే చెప్పొచ్చాడు.

రాత్రి అరిచే పిట్ట

నాయనకి కావాల్సిన పిట్ట ఏదో చెప్తానన్నాను కదా.

రాత్రి షిఫ్టుల్లో మట్టి గుట్ట మీద డంపర్ ఆపి లోడు దించేటప్పుడు, చీకట్లోంచి ఒక పిట్ట గట్టిగా అరిచేదట. ఇంజను మోతని కూడా దాటి వినపడేదట. తీతువు. మా వైపు తీతువు అరిస్తే చావు కబురు అంటారు. తోటి డ్రైవర్లు భయపడి దణ్ణం పెట్టుకునేవాళ్లు. నాయన భయపడలేదు గానీ, దాన్ని సరిగ్గా చూడలేకపోయాడు. హెడ్‌లైటు పడేలోపే లేచిపోయేది. పగలు నిద్ర. 30 ఏళ్లు దాని గొంతు విన్నాడు, ముఖం చూడలేదు.

కనుమ మరుసటి రోజు పొద్దున్నే, కంచెకి ఇవతల, గుంతలో నీళ్లు నిలిచిన చోటికి పోయాం. గనుల లోపలికి పోకూడదు, పోలేదు. మంచు ఇంకా విడవలేదు. మామిడి పూత వాసన. నాయన మెడలో పాత బైనాక్యులర్స్, నా మెడలో కొత్తది.

అరుపు ముందు వినపడింది. నాయన ఆగిపోయాడు. "అదే" అన్నాడు.

నీళ్ల అంచున రాళ్లలో కలిసిపోయి నిలబడి ఉంది. నేను చెయ్యి చూపించబోతే వారించి తనే వెతుక్కున్నాడు. అది నాలుగడుగులు పరిగెత్తి ఆగింది. మళ్లీ పరిగెత్తింది. ఇలాంటి పిట్టని చూడాలంటే చెయ్యి నిలకడగా పక్కకు తిప్పుతూనే ఉండాలి. కొత్తదానితో నాయన ఓడిపోయింది సరిగ్గా ఇక్కడే. ఇప్పుడు ఆయన చేతులు దాని వెంట మెత్తగా జరుగుతున్నాయి, డంపర్ స్టీరింగు తిప్పినట్టు.

"తల నల్లగా ఉండాది. మెడ మీద తెల్ల పట్టీ. కంటి ముందర ఎర్రగా... రక్తం కాదు గదా పాపా?"

"కాదు నాయనా, అది తోలే. అందుకే ఎర్ర తీతువు అంటారు."

"కాళ్లు పసుపు పూసినట్ల ఉండాయి" అన్నాడు. కాసేపాగి, "ఇంత సక్కగ ఉన్నెదాన్ని పట్టుకుని చావు పిట్ట అంటిమే" అన్నాడు.

అది లేచి అరుస్తూ నీళ్ల మీదుగా ఎగిరింది. నాయన దాని వెంటే తిప్పాడు. మట్టికొండ దాటేదాకా. గోడ లేదు, నా మోచెయ్యి పట్టుకోలేదు.

మీరు కొనేముందు

రివ్యూలు చదవండి, కాదనను. కానీ వీలైతే కొట్టుకి పోయి, లేదా పక్షుల్ని చూసే స్నేహితుల దగ్గర అడిగి, చేత్తో పట్టుకుని చూశాకే కొనండి. కొట్టు లోపల కాదు, వీధిలోకి తెచ్చి చూడండి.

అంచు దగ్గర స్తంభాన్ని ఉంచి ఎంత వంగుతుందో చూడండి. కొద్దిగా లోపలికి వంగితే కంగారుపడకండి. తర్వాత ఆపకుండా మెల్లగా ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకి ఒక నిమిషం తిప్పండి. నేల దొర్లినట్టు అనిపిస్తే ఎంత ఖరీదైనదైనా, ఎంత మంది మెచ్చుకున్నా, అది మీది కాదు.

కళ్లజోడు పెట్టుకుని కూడా చూడండి. కంటికీ గాజుకీ మధ్య దూరం కనీసం 15 మిల్లీమీటర్లు ఉండేది కళ్లజోడు వాళ్లకి హాయి. 10 రెట్లది పెద్దగా చూపిస్తుంది గానీ చేతి వణుకునీ అంతే పెంచుతుంది. మొదటిసారి కొనేవాళ్లకి, పెద్దవాళ్లకి 8 రెట్లదే మేలు. 42ని 8తో భాగిస్తే 5.25 మిల్లీమీటర్ల వెలుగు గుండ్రం కంటికి అందుతుంది, 10తో అయితే 4.2నే. తెల్లవారుజామున ఆ తేడా తెలుస్తుంది. బైనాక్యులర్స్‌ని చేయి చాపి ఆకాశం వైపు పట్టి ఆ గుండ్రాన్ని చూడండి. గుండ్రంగా ఉంటే మంచిది, పలకలుగా తెగి అంచుల్లో బూడిదగా ఉంటే పట్టకం చవకది. సూర్యుడి వైపు మాత్రం ఎప్పుడూ తిప్పకండి.

ముఖ్యంగా, ఎవరికి కొంటున్నారో వాళ్లని వెంట తీసుకెళ్లండి. నేను చేసిన తప్పు అదే. నా కళ్లతో చూసి నాయనకి కొన్నాను.

తిరిగి బెంగళూరు బయల్దేరేటప్పుడు ఆ ఖరీదైనది నా బ్యాగులో పెట్టాడు నాయన. పగిలిన కప్పుకి సైకిల్ ట్యూబు ముక్క చుట్టి పాతది తను ఉంచుకున్నాడు. పోయిన ఆదివారం ఫోన్ చేస్తే అమ్మ ఎత్తింది. నాయన ఏడీ అంటే, "పొద్దున పోయినాడు పిట్టల కాడికి, అన్నానికి కూడా రాలే" అని విసుక్కుంది.

ఆ విసుగు వినడానికి ఎంత బాగుందో!